ఏ సినిమా మిగలాలో నిర్ణయించేది ఎవరు?

సినిమాలు తీయటం నేర్పే బడి కావాలంటే మనలో కాదనేవారు లేరు. సినిమా విమర్శ నేర్పాలన్నా పెద్దలు కాస్త గొణిగి వూరుకుంటారు. కాని పాత సినిమాలను వెతికి, కాపాడి, ఏరి, ఒక వరసలో కూర్చి, జనానికి చూపించే పనిని విశ్వవిద్యాలయంలో రెండేళ్ళపాటు స్నాతకోత్తర విద్యగా నేర్పాలి అన్నామా, నవ్వు మొదలవుతుంది. లోకజ్ఞులు "ఇది చదివితే వుద్యోగమెక్కడ?" అని నవ్వుతారు. మన ప్రగతిశీల మిత్రులు కొందరు "పల్నాటి మెట్టపొలాలు నీటికోసం నోళ్ళు తెరుచుకుని వుంటే రీళ్ళ గొడవ ఎవరికి కావాలి?" అని నవ్వుతారు. ఈ ఇద్దరికీ మామూలుగా ఒకరంటే ఒకరికి పడదు. ఐనా ఈ విషయంలో ఇద్దరి నమ్మకమూ ఒకటే. ఏ సినిమా జనం ముందుకు రావాలి, ఏది గోదాములో కుళ్ళిపోవాలి అనేది దానంతటదే జరిగిపోతుందని ఇద్దరూ అనుకుంటున్నారు. అది దానంతటదే జరగదు. ఎవరో నిర్ణయిస్తున్నారు. వాళ్ళెవరు, ఏ కొలతతో నిర్ణయిస్తున్నారు అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ పనికి ఫిల్మ్ క్యురేషన్ అని పేరు. మాట లాటిన్ భాషది. మూలార్థం సంరక్షణ, ఆలనాపాలనా. మ్యూజియంలో విగ్రహాల బాధ్యత వహించేవాడికి వున్న పేరే సినిమాకూ వచ్చింది. ప్రతి ఎక్కడుందో వెతకటం, అది ఏ స్థితిలో వుందో పరీక్షించటం, హక్కుదారులెవరో తేల్చటం, ఏ చిత్రం పక్కన ఏ చిత్రాన్ని పెడితే కొత్త అర్థం కలుగుతుందో ఆలోచించటం, ఎవరికి, ఎక్కడ, ఏ మాటలు చెప్పి చూపించాలో నిర్ణయించటం—ఇదంతా కలిసి ఒక విద్య. అమెరికాలో రోచెస్టర్ నగరంలోని ఈస్ట్‌మన్ మ్యూజియం 1996లో దీనికొక బడి పెట్టింది. తర్వాత న్యూయార్క్, ఆమ్‌స్టర్‌డామ్, లండన్ విశ్వవిద్యాలయాల్లో ఇది ఎం.ఏ. చదువైంది. మన దేశంలో సినిమా తీయటం నేర్పే సంస్థ 1960లో, సినిమాలు దాచే జాతీయ ఆర్కైవ్ 1964లో పుణెలో పుట్టాయి. కలకత్తా జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం 1993లో సినిమా అధ్యయన శాఖ తెరిచింది. హైదరాబాదులోనూ సినిమా మీద పరిశోధనలు జరుగుతున్నాయి. కాని సినిమాను కాపాడి చూపించే పనే ప్రధానంగా ఎం.ఏ. పట్టా కావాలంటే నరసరావుపేట పిల్ల నేటికీ విమానం ఎక్కవలసిందే. విమానం టిక్కెట్టు కొనగలిగిన ఇళ్ళు పల్నాడులో ఎన్ని వున్నాయో పాఠకులకు చెప్పనవసరం లేదు.

చదువు లేనంత మాత్రాన పని ఆగదు. అది వేరే చేతుల్లోకి పోతుంది. నేడు తెలుగు దేశంలో పాత సినిమాను ఏరే అధికారం మూడు చోట్ల వుంది. మొదటిది వ్యాపారి గల్లాపెట్టె. రెండవది టెలివిజన్, ఇంటర్‌నెట్ కంపెనీల లెక్కల యంత్రం. నిన్న నువ్వు చూసినదాన్ని బట్టి రేపు నువ్వు ఏం చూడాలో అది చెపుతుంది. మూడవది తారల పుట్టినరోజు. 2022 ఆగస్టులో మహేశ్ బాబు పుట్టినరోజుకు 'పోకిరి' మళ్ళీ తెరకెక్కింది. ఆ వరవడిలో పుట్టినరోజు ప్రదర్శనలు పండగలయ్యాయి. 2024 సెప్టెంబరులో అక్కినేని నాగేశ్వరరావు శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వారు, జాతీయ ఆర్కైవ్ వారు కలిసి పది చిత్రాలను దేశంలోని అనేక నగరాల్లో ప్రదర్శించారు. మంచి పని, శ్రమపడి చేసిన పని. 'దేవదాసు', 'మాయాబజార్', 'గుండమ్మ కథ', 'ప్రేమనగర్' అందులో వున్నాయి. 1947 నాటి 'పల్నాటి యుద్ధం' లేదు. అందులో బాలచంద్రుడు అక్కినేనే. దీనికి ఆ సంస్థలను తప్పుపట్టటం నా వుద్దేశం కాదు. తారను కేంద్రంగా పెట్టుకుంటే పట్టికలో వచ్చేది తార జీవితంలోని పది మెట్లు. పల్నాటిని కేంద్రంగా పెట్టుకుంటే వచ్చే పట్టిక వేరు. రైతును పెట్టుకుంటే ఇంకా వేరు. కొలత మారితే చరిత్రే మారుతుంది. మనవాళ్ళు కొలతను గురించి మాట్లాడటం ఇంకా మొదలుపెట్టలేదు.

ఆ 'పల్నాటి యుద్ధం' సంగతే చూద్దాం. దాన్ని మొదలుపెట్టినవాడు గూడవల్లి రామబ్రహ్మం. 1938లో 'మాలపిల్ల', 1939లో 'రైతుబిడ్డ' తీసినవాడు. 1946లో ఆయన చనిపోతే ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశాడు. నాగమ్మ పాత్ర కన్నాంబది. పంతొమ్మిదేళ్ళ తర్వాత, 1966లో, గుత్తా రామినీడు అదే పేరుతో అదే కథను మళ్ళీ తీశాడు. ఈసారి బ్రహ్మనాయుడు ఎన్.టి. రామారావు, నాగమ్మ భానుమతి. ఒకే నేల, ఒకే యుద్ధం, రెండు కాలాలు. మొదటిది తెల్లవాడు పోతున్న ఏడు. రెండవది ఆంధ్రప్రదేశ్ ఏర్పడి పదేళ్ళు నిండిన ఏడు. ఆడది రాజ్యం నడిపితే మొదటి చిత్రం ఆమెను ఎలా చూసింది, రెండవది ఎలా చూసింది? చాపకూడుకు, అంటే అన్ని కులాలనూ ఒకే చాప మీద కూచోబెట్టి అన్నం పెట్టిన ఆ తిరుగుబాటుకు, ఏ చిత్రం ఎంత చోటిచ్చింది? మాల కన్నమదాసు ఎవరి పక్కన నిలబడ్డాడు? రెండు చిత్రాలనూ ఒక రాత్రి తర్వాత మరో రాత్రి కారెంపూడిలో చూపించి ఈ ప్రశ్నలు అడిగితే అది ఒక సంవత్సరం పాఠాలకు సమానం. అది అడగటానికి రెండు మంచి ప్రతులు కావాలి, చూపించే యంత్రం కావాలి, రెంటినీ పక్కపక్కన పెట్టాలన్న ఆలోచన కావాలి. ఈ మూడింటినీ కలపగలిగిన మనిషిని తయారుచేయటమే మనం అడుగుతున్న చదువు.

"ఇంటర్‌నెట్‌లో వున్నాయి కదా, చూసుకోండి" అంటారు కొందరు. పాత తెలుగు చిత్రాలు అక్కడ దొరకటం నిజమే. దొరికేది చాలాసార్లు ప్రతికి ప్రతి. మూలలో ఎవరిదో ముద్ర, మధ్యలో కత్తిరింపులు, చెవికందని మాటలు. అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో శ్రీనాథుని 'పల్నాటి వీరచరిత్ర'ను పరిష్కరించి అచ్చువేయించారు. ఏ అంగట్లోనో దొరికిన చిరుగుల ప్రతి చాలుననుకుంటే ఆ గ్రంథం మనకు దక్కేదా? కావ్యానికి పాఠ పరిష్కర్త కావాలని ఒప్పుకుంటాం. కోట్లమంది చూసిన సినిమాకు మాత్రం ఎవరో అప్పలాచారి ఎక్కించిన ప్రతి చాలు!

పల్నాడుకు కాపాడటం తెలియక కాదు. నాగార్జునసాగర్‌కు 1955లో పునాదిరాయి వేశారు. కృష్ణలో మునిగిపోయే నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 వరకు పురావస్తుశాఖ తవ్వింది. కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండమీద మళ్ళీ కట్టారు. 1966లో మ్యూజియం తెరిచారు. పదిహేడువందల ఏళ్ళనాటి ఇక్ష్వాకుల రాళ్ళను కొండెక్కించటానికి ఇంజనీర్లు, శిల్పులు, కూలీలు, చరిత్రకారులు ఏళ్ళతరబడి చెమటోడ్చారు. రైతుకు నీళ్ళా, బౌద్ధానికి రాళ్ళా అని ఎవరూ పోటీ పెట్టలేదు. రెండూ కావాలన్నారు, రెండూ చేశారు. రెండవ 'పల్నాటి యుద్ధం' విడుదలైన ఏడూ 1966 కావటం యాదృచ్ఛికమే. కాని ఆ ఏడు తెరిచిన మ్యూజియంలో రాయి నేటికీ పదిలంగా వుంది. ఆ ఏడు విడుదలైన చిత్రాల నెగటివ్‌లకు ఎవరు పూచీ అంటే జవాబు చెప్పవలసిన ప్రభుత్వశాఖ లేదు.

పుస్తకానికి చట్టముంది. 1954 చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం కాపీని ప్రచురణకర్త జాతీయ గ్రంథాలయానికి పంపాలి. సినిమాకు అలాంటి చట్టం లేదు. పుణె ఆర్కైవ్‌కు పునాది వేసిన పి.కె. నాయర్ జీవితమంతా గోదాములు, గారేజీలు తిరిగి రీళ్ళు పోగు చెయ్యవలసి వచ్చింది అందుకే. ఆయన అందుకోలేనివి అనేకం. భారతదేశపు మొదటి టాకీ 'ఆలం ఆరా' (1931) ప్రతి ఒక్కటీ మిగల్లేదు. అదే ఏడు హెచ్.ఎం. రెడ్డి తీసిన 'కాళిదాస్'లో తమిళంతోపాటు తెలుగు మాటలూ వినిపించాయి, అదీ పోయింది. అనేక పాత రీళ్ళను వెండి కోసం కరిగించారు. 2003 జనవరిలో పుణె భాండాగారంలోనే నైట్రేటు రీళ్ళు అగ్నికి ఆహుతైనాయి. తర్వాత వచ్చిన ఎసిటేటు ఫిలిం మంటకు లొంగదు గాని వేడికీ తేమకూ లొంగుతుంది. పులిసి, పుల్లటి వాసన కొట్టి, ముడుచుకుపోయి, పక్కనున్న రీలుకూ ఆ తెగులు అంటిస్తుంది. వేసవిలో రాష్ట్రంలోకెల్లా మండే వూళ్ళ పేర్లు చెప్పమంటే రెంటచింతల పేరు ముందుగా వస్తుంది. అలాంటి సీమలో రేకుల షెడ్డులో పడివున్న ఫిలిం డబ్బాకు ఆయుర్దాయం ఎంత? గుంటూరు, పల్నాడుల్లో మిరపకాయకు కోల్డ్ స్టోరేజీలు బారులు తీరి వున్నాయి. మిరపకాయ రంగు పోతే ధర పడిపోతుందని వ్యాపారికి తెలుసు. సినిమా రంగు పోతే నష్టపోయేది జనం కాబట్టి ఎవరికీ తెలియదు.

1964లో రెండు పనులు జరిగాయి. పుణెలో జాతీయ ఆర్కైవ్ పుట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నంది బహుమతులు మొదలుపెట్టింది. దేశం దాచటం మొదలుపెట్టిన ఏడు మనం సన్మానించటం మొదలుపెట్టాం. ఆర్కైవ్ వారు తర్వాత బెంగుళూరు, కలకత్తా, తిరువనంతపురాల్లో శాఖలు తెరిచారు. తెలుగు వారికి శాఖ రాలేదు. కేరళ ప్రభుత్వం 1996లో చలనచిత్రోత్సవం, 1998లో చలచ్చిత్ర అకాడమీ నెలకొల్పింది. మనం శాలువాలు కప్పాం. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ హైదరాబాదులో ఒక శిక్షణ శిబిరం పెట్టింది. శిబిరం వారంలో ముగుస్తుంది. విశ్వవిద్యాలయం ముగియదు. తేడా అదే.

ఇక మన మిత్రుల నవ్వు సంగతి. సంస్కృతి తర్వాత, ముందు కూడు అనే వాదం వామపక్షంలో పుట్టింది కాదు. వామపక్ష చరిత్ర దానికి ఎదురు సాక్ష్యం చెపుతుంది. 1943లో ప్రజానాట్యమండలి పుట్టేనాటికి పల్లెల్లో కూడు సమృద్ధిగా వుందా? నాజర్ పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా చెప్పినప్పుడు వినటానికి వచ్చినవాళ్ళు పొట్టలు నిండి వచ్చారా? ఆ మండలి డాక్టరు గరికపాటి రాజారావే 1953లో 'పుట్టిల్లు' తీశాడు. ఆ తరం వారికి ప్రదర్శన అంటే ఏమిటో తెలుసు. 'రైతుబిడ్డ' సంగతి మరీ స్పష్టం. ఆ చిత్రం తీయటాన్ని జమీందారులు ఆపలేకపోయారు. దాని ప్రదర్శనలకు ఆటంకం కల్పించారు. రీలు డబ్బాలో వున్నంతసేపూ ఎవరికీ ప్రమాదం లేదనీ, తెరమీద పడ్డప్పుడే అది రైతు చేతికి ఆయుధమవుతుందనీ శత్రువు గ్రహించాడు. శత్రువు 1939లో గ్రహించిన విషయం మన అభ్యుదయ విమర్శకు నేటికీ పట్టలేదు. మన సాహిత్య పత్రికల్లో వచ్చిన సినిమా విమర్శ చాలావరకు కథ మీద విమర్శ: నాయకుడు ఏ వర్గం, ముగింపు పురోగామా తిరోగామా? ఆ చిత్రం ఇప్పుడు ఎక్కడుంది, ఎవరి స్వాధీనంలో వుంది, మాచర్ల కుర్రాడు దాన్ని చూడాలంటే ఎవరిని అడగాలి అన్న ప్రశ్న ఆ విమర్శలో కనపడదు. ఉత్పత్తి సాధనాలు ఎవరివని పగలంతా అడిగేవాళ్ళు జ్ఞాపక సాధనాలు ఎవరివని ఒక్క పూట అడగకపోవటం విచిత్రం.

పారిస్‌లో ఈ ప్రశ్న వీధికెక్కింది. ఆన్రీ లాంగ్లువా 1936లో స్థాపించిన సినిమతెక్‌లో రాత్రి తర్వాత రాత్రి పాత చిత్రాలు వేసేవాడు. ఏ దేశపు చిత్రం పక్కన ఏ దేశపు చిత్రం వెయ్యాలో ఆయన చేసిన ఎంపికే ఒక తరం ఫ్రెంచి దర్శకులకు పాఠశాల. 1968 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆయన్ను తొలగించింది. దర్శకులూ విద్యార్థులూ రోడ్డుమీదకు వచ్చారు. లాఠీ దెబ్బలు తిన్నారు. ఏప్రిల్‌లో ఆయన్ను తిరిగి నియమించక తప్పలేదు. మే తిరుగుబాటుకు అది నాంది అని చెప్పేవారున్నారు. అంత మాట అనకపోయినా, సినిమా చూపించేవాడి వుద్యోగం మీద ప్రభుత్వం చెయ్యి వెయ్యటం రాజకీయమేనని అక్కడి విద్యార్థి తెలుసుకున్నాడు.

అలాగని పారిస్ నుంచో లండన్ నుంచో పాఠ్యప్రణాళిక తెచ్చి ఇక్కడ అతికిస్తే పని జరగదు. క్యురేటర్ అనే మాట చుట్టూ ఒక కొత్త పెద్దరికం పెరుగుతోంది. ఉత్సవాలనుంచి ఉత్సవాలకు తిరిగి, పదిమంది రసజ్ఞుల అభిరుచిని లోకాభిరుచిగా చలామణీ చేసే పెద్దరికం అది. అలాంటివారిని తయారుచేయటానికి ప్రజల డబ్బు ఖర్చుపెట్టనవసరం లేదు. మన విద్యార్థి ముందు చూడవలసిన పాఠశాల కారెంపూడిలో వుంది. ఏటా కార్తీక అమావాస్యకు నాగులేటి ఒడ్డున పల్నాటి వీరుల తిరునాళ్ళు మొదలవుతాయి. ఐదు రోజులు, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఏ ఘట్టం ఏ రోజు చెప్పాలో, దాని ముందు ఏది, వెనక ఏది రావాలో, వీరుల ఆయుధాలు ఎవరు మొయ్యాలో, ఎవరు పాడాలో వందల యేళ్ళుగా ఒక క్రమం నడుస్తున్నది. పాడేవారు వీరవిద్యావంతులు, ఎక్కువమంది మాలలు. జీన్ రోఘైర్ అనే అమెరికా పరిశోధకుడు వారి నోట కథను టేపుమీద పట్టి 1982లో గ్రంథంగా అచ్చువేశాడు. కథను కాపాడినవారు, క్రమంలో పెట్టినవారు, జనం మధ్య చూపించినవారు వారే. భక్తి, పూనకం మనకు అక్కరలేకపోవచ్చు. ఆ క్రమంలో వున్న బుద్ధిని కాదనటం మూర్ఖత్వం. దళితుల చేతుల్లో వున్న విద్యను జానపదమనీ, అదే విద్య లండన్‌లో పట్టాగా ఇస్తే శాస్త్రమనీ అనేవాళ్ళకు ఏ అధ్యయనమూ బుద్ధి చెప్పలేదు.

కాబట్టి మనం అడగవలసింది ఇది. నాగార్జున పేరు పెట్టుకుని 1976లో పుట్టిన విశ్వవిద్యాలయం గుంటూరు పక్కనే వుంది. అందులో రెండేళ్ళ ఎం.ఏ. పెట్టాలి, దాని క్షేత్రశాల నరసరావుపేటలో వుండాలి. మొదటి ఏడు సినిమా చరిత్ర, ఫిలిం రసాయనం, డిజిటల్ ప్రతుల సంరక్షణ, కాపీరైటు చట్టం నేర్పాలి. రెండవ ఏడు విద్యార్థి ఒక మండలాన్ని తీసుకుని పని చెయ్యాలి. మూతపడ్డ థియేటర్లలో, పాత పంపిణీదారుల గోదాముల్లో, ఇళ్ళ అటకలమీద ఏముందో జాబితా వెయ్యాలి: రీళ్ళు, పాటల పుస్తకాలు, వాల్‌పోస్టర్లు. యంత్రం నడిపిన ఆపరేటర్ల అనుభవాన్ని వాళ్ళ మాటల్లోనే రికార్డు చెయ్యాలి. చివరికి గురజాలలోనో మాచర్లలోనో ఐదు రాత్రుల ప్రదర్శన కూర్చి, ఎందుకు ఆ ఐదింటినే ఎన్నుకున్నాడో జనం ముందు నిలబడి సమాధానం చెప్పాలి. పరీక్ష అదే. జనం అడిగే ప్రశ్నకు జవాబు చెప్పలేనివాడికి పట్టా ఇవ్వకూడదు.

వుద్యోగాల మాట దాటవేయను. ఈ చదువు వేలమందికి జీతాలు తెచ్చిపెట్టదు. ఏటా పదిహేనుమందిని తయారుచేస్తే చాలు. టెలివిజన్ సంస్థల భాండాగారాలు, గ్రంథాలయాలు, మ్యూజియాలు, సాంస్కృతిక శాఖలు, కళాశాలలు ఈ పని తెలిసినవారు లేకుండానే నడుస్తున్నాయి. నాగార్జునకొండ రాళ్ళు ఎత్తేముందు పురావస్తు శాస్త్రజ్ఞులకు మార్కెట్టు ఎంత వుందని ఎవరూ లెక్కవెయ్యలేదు.

తొందరపడవలసిన కారణం ఒకటుంది. మన కాపీరైటు చట్టం ప్రకారం సినిమా మీద హక్కు, అది విడుదలైన మరుసటి ఏడు మొదలుకొని అరవై ఏళ్ళు. 1966 'పల్నాటి యుద్ధం' మీద ఆ హక్కుకు 2026 డిసెంబరు 31 చివరి రోజు. పాటల రచయితల, స్వరకర్తల హక్కుల లెక్క వేరు. అదీ తెలిసినవాడు కావాలి. ఇలాగే ఏటేటా ఒక్కొక్క సంవత్సరపు తెలుగు చిత్రాలు చట్టరీత్యా ప్రజల ఆస్తి అవుతాయి. కాని చట్టం హక్కు ఇస్తుంది, ప్రతి ఇవ్వదు. ప్రతిని అప్పటిదాకా ప్రభుత్వ భాండాగారంలో భద్రపరచకపోతే ప్రజలకు దక్కేది కాగితం మీది పేరు. వస్తువు మాత్రం ఎవడి బీరువాలో వుంటే వాడిదే. భూసంస్కరణల చరిత్ర చదివిన వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. పట్టా ఒకరి పేర, పొలం ఇంకొకరి సాగులో వుండటం మనకు కొత్త కాదు.

విద్యార్థి సంఘాలు ఫీజుల మీద, హాస్టళ్ళ మీద పోరాడుతున్నాయి, పోరాడాలి. ఆ కోరికల పత్రంలో దీన్నీ ఒక కోరికగా చేర్చాలి. అధ్యాపకులు తమ విశ్వవిద్యాలయ పాఠ్యసంఘాల్లో ఈ ప్రతిపాదన పెట్టాలి. అది వచ్చేలోగా ప్రతి కళాశాల తన వూళ్ళో ఏ సినిమా సామగ్రి మిగిలివుందో జాబితా మొదలుపెట్టవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ఒక నోటుపుస్తకం చాలు. కోరిక మాత్రం స్పష్టంగా వుండాలి: ఏ సినిమా మిగలాలో నిర్ణయించే విద్య ప్రజల విశ్వవిద్యాలయంలో, ప్రజల భాషలో, పల్నాటి పిల్లలకు అందుబాటులో వుండాలి.